సప్పుడు విని రాద్దాం

కథలో వాన వస్తే 'చిటపట', ఏరు వస్తే 'గలగల', గుండె అంటే 'దడదడ'. రెండక్షరాలు కొట్టగానే ఫోన్ కీబోర్డు మిగతా మాటను చూపించినట్టు, రాసేటప్పుడు మన చేతికి ముందుగా తగిలేవి ఇవే. వీటినే ధ్వన్యనుకరణ పదాలంటారు. మంచి మాటలే. కానీ డిఫాల్ట్ సెట్టింగులో వదిలేస్తే ఎవరి కథలోనైనా ఒకేలా మోగుతాయి.

తెలుగులో వీటి పవర్ మామూలుది కాదు. 'టప్పున పడింది' అంటే ఒక్కసారి. 'టపటపా పడ్డాయి' అంటే వరుసగా. 'టపటపలాడింది' అంటే సప్పుడే క్రియ అయిపోయింది. అసలు సప్పుడే లేనివాటికీ మాటలున్నాయి: కంటికి మిలమిల, వణుకుకు గజగజ. ఇది మన ఒక్క భాష సంగతి కాదు. ఎమెనో అనే భాషా శాస్త్రవేత్త 1969లోనే దీని మీద వ్యాసం రాశారు. ద్రావిడ భాషల్లోనూ ఇండో ఆర్యన్ భాషల్లోనూ ఈ తీరు కనిపిస్తుందని, ఇది మన దేశ భాషలను కలిపే లక్షణమని చూపించారు.

ఇక మన నల్లగొండ, పాలమూరు వైపు రండి. ఇక్కడ సప్పుడంటే అలంకారం కాదు, సమాచారం. వరి పొట్ట మీదున్నప్పుడు బోరు పైపు నిండుగా పోస్తే ఒక సప్పుడు. నీళ్లు తగ్గి గాలి కలిస్తే 'గుడుక్... గుడుక్' అని ఆగి ఆగి పోస్తుంది. ఆఖరికి బుస్సుమని గాలే వస్తుంది. ఒడ్డు మీద కూసున్న రైతు తల తిప్పి చూడాల్సిన పనే లేదు, చెవికే తెలిసిపోతుంది. 'బోరు ఎండింది, రైతు చాలా బాధపడ్డాడు' అని రాసే బదులు, ఒక గుడుక్‌కు ఇంకో గుడుక్‌కు మధ్య గ్యాప్ పెరుగుతూ పోవడం రాయండి. బాధ అనే మాటే అక్కర్లేదు.

పోచంపల్లి, పుట్టపాక, నారాయణపేట, గద్వాల. అన్నీ మగ్గం ఊర్లే. మగ్గం అనగానే 'టకటక' అని రాసేస్తాం. ఆగకుండా టకటకలాడేది మరమగ్గం. చేతిమగ్గం సప్పుడులో మనిషి ఉంటడు. కాలు కింది చెక్కను తొక్కుతుంది, నాడె అటు నుంచి ఇటు ఉరుకుతుంది, చెయ్యి పోగును దగ్గరికి కొడుతుంది. కిర్రు, సర్రు, టక్కు. పోగు తెగితే సప్పుడు ఆగుతుంది. ఇక్కత్ నేసేటప్పుడు రంగుల పోగు డిజైన్‌లో సరిగ్గా కూర్చుందా అని సర్దడానికీ ఆగుతుంది. ఆ ఆగడంలోనే కథ ఉంది. రెండు మగ్గాలకూ ఒకటే మాట వాడితే నేతన్నను కథలోంచి మనమే తీసేసినట్టు.

కవితలోనైతే ఈ మాట తాళం కూడా మోస్తుంది. పాత పాలమూరు జిల్లా బిడ్డ గోరటి వెంకన్నకు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన పుస్తకం పేరే 'వల్లంకి తాళం'. పిట్ట, తాళం పక్కపక్కనే ఉన్నాయి చూడండి. అట్లని ప్రతి లైనులో మోగించొద్దు. డప్పు ఆగినప్పుడే కదా దాని దెబ్బ విలువ తెలిసేది.

ఒక చిన్న టెస్ట్ పెట్టుకోండి. రాసిన సప్పుడు మాటను డిలీట్ చేసి చదవండి. ఏమీ తగ్గలేదా, పోనివ్వండి. ఎంత బరువు, ఎంత దూరం, ఎంత సేపు, ఇందులో ఏదో ఒకటి తెలియకుండా పోయిందా, తిరిగి పెట్టండి.

ఇంకో పని అర్జెంటు. మోటబావులు పోయాయి, వాటితో పాటే మోట సప్పుడూ పోయింది. దాన్ని విన్న చెవులు ఇంకా మన ఇళ్లలో ఉన్నాయి. ఈ ఆదివారం ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, 'తాతా, మోట ఎట్ల మోగేది?' అని అడగండి. ఆయన నోటితో చేసి చూపిస్తడు. ఏ డిక్షనరీలో వెతకకుండా, విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసుకోండి.