అక్షరం రానివాళ్లకూ చరిత్ర ఉంది

మేము చదివిన పాఠాల్లో హరప్పా ఉంది; మన చాపాడు వైపు పారే కుందూ లోయలోని పెద్దముడియం లేదు. అక్కడి కొత్తరాతియుగపు పంట గింజలపై 1991లోనే పరిశోధన వెలువడింది. దక్షిణాదిలో ఆ కాలపు ఊళ్లను తవ్వితే మాడిన ఉలవలు, పెసలు దొరికాయి. మన అవ్వలు పెట్టిన ఉలవ గుగ్గిళ్లకు దాదాపు 4 వేల ఏళ్ల చరిత్ర ఉందన్నమాట! కొన్నిచోట్ల చనిపోయిన పసిబిడ్డలను కుండల్లో పెట్టి ఇళ్ల మధ్యే పూడ్చుకున్నారు. ఒక్క అక్షరం రాయకపోయినా వాళ్ల తిండీ, దుఃఖమూ మట్టిలో నిలిచాయి.

మా తల్లిదండ్రులూ వేలిముద్ర వేసేవాళ్లే. వాళ్లకు చరిత్ర లేదంటే మేమొప్పుకోం. చేలల్లో రాతిగొడ్డలి, పాత కుండపెంకులు కనిపిస్తే కదిలించకుండా, చోటు రాసుకుని పురావస్తు శాఖకు తెలుపుదాం. ట్రాక్టరుతో చదును చేసిన దిబ్బను ఎంత పెద్ద ప్రొఫెసరైనా చదవలేడు.