బిరడా చెప్పిన పాఠం

'కందెన వేయని బండికి కావలసినంత సంగీతం' అని మన పెద్దల సామెత. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి బండి ఇరుసుకు పూసిన మన తాతలకు, ఆ కందెన పనిచేస్తుందని తెలుసు. ఎందుకు పనిచేస్తుందో తెలియదు. విచిత్రమేమంటే, 1880 నాటికి ఇంగ్లండులో రైళ్లు నడుపుతున్న ఇంజనీర్లలో చాలామందికి కూడా అంతకు మించి తెలియదు. ఆ కొరత తీర్చిన వారిలో అగ్రగణ్యుడైన బీచమ్ టవర్ గురించి ఈసారి పాఠకులతో ముచ్చటించదలచాము.

పవర్ హౌస్ స్టేషనులో రైలు కోసం నిరీక్షిస్తున్నప్పుడల్లా మాకు ఆయన జ్ఞాపకం వస్తాడు. మా ఉద్యోగపు తొలినాళ్లలో ఆ దారిన పోయే పాత వ్యాగన్లకు సాదా బేరింగులే ఉండేవి. ఇరుసు పైన ఇత్తడి దిమ్మ, కింద నూనెతో తడిసిన మెత్త, అంతే. నూనె ఇంకిపోతే ఇరుసు కాలి పొగలు కక్కేది. 'హాట్ యాక్సిల్' అనే మాట వినగానే రైల్వే సిబ్బంది గుండెలు జారిపోయేవి. టవర్ తన పరిశోధనకు తీసుకున్నది సరిగ్గా అటువంటి అమరికనే.

టవర్ 1845లో ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో ఒక మతాచార్యుని కుమారుడుగా జన్మించాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ వారి ఎల్స్‌విక్ కర్మాగారంలో పని నేర్చాడు. ఓడల నమూనాలను నీటి తొట్లలో లాగి పరీక్షించిన విలియమ్ ఫ్రౌడ్ వద్ద సహాయకుడుగా ఉన్నాడు. కొలవనిదే నమ్మరాదన్న నియమం ఆయనకు అక్కడే పట్టుబడి ఉంటుందని మా ఊహ. తరువాతి కాలంలో గోళాకారపు ఆవిరి యంత్రాన్నీ, ఓడ ఊగినా నిలకడ తప్పని ఫిరంగి వేదికనూ రూపొందించాడు. అవి నేడు ఎవరికీ గుర్తులేవు. ఆయన పేరు నిలిపినది ఒక కర్ర బిరడా!

బేరింగులలో ఘర్షణను కొలిచి చూపవలసినదిగా బ్రిటన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ఆయనను నియమించింది. 4 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పొడవు గల ఇరుసుపై ఇత్తడి దిమ్మను ఉంచి, దానిపై బరువు మోపి, ఇరుసు అడుగు భాగాన్ని నూనెలో ముంచి తిప్పాడు. ఆనాటి ఆచారం ప్రకారం పైనుంచి నూనె పోయడానికి దిమ్మ నడినెత్తిన ఒక రంధ్రం తొలిపించాడు. యంత్రం తిరగగానే, లోనికి పోవలసిన నూనె ఆ రంధ్రం గుండా పైకి ఉబికి పొర్లసాగింది. చికాకు వదిలించుకోవడానికి కర్ర బిరడా బిగిస్తే, నూనె దానిని మెల్లగా వెలుపలికి నెట్టివేసింది.

మరొకరైతే ఇంకా గట్టి బిరడా వెదికేవారు. టవర్ మాత్రం బిరడా స్థానంలో పీడనమాపకం అమర్చాడు. దిమ్మపై సగటు భారం చదరపు అంగుళానికి 100 పౌండ్లు. మాపకంలోని ముల్లు 200 గీతను దాటిపోయింది! ఇరుసుకూ ఇత్తడికీ నడుమ నూనె కేవలం తడిగా అంటుకొని లేదనీ, తిరిగే ఇరుసు నూనెను సన్నని సందులోకి ఈడ్చుకొనిపోయి పీడనం పుట్టిస్తున్నదనీ, ఆ పలుచని పొర మీదనే దిమ్మ మొత్తం తేలుతున్నదనీ తేటతెల్లమయింది. అంతవరకు అందరూ నూనె రంధ్రం తొలుస్తూ వచ్చిన చోటు, నూనె ప్రవేశించడానికి అన్నిటికంటె అననుకూలమైన చోటు!

1883లో మొదటి నివేదిక వెలువడింది. 1885 నాటి రెండవ నివేదికలో దిమ్మపై అనేక చోట్ల పీడనాన్ని కొలిచి, ఆ పొర మోస్తున్న భారాన్ని లెక్కగట్టాడు. అది 7,988 పౌండ్లు అని తేలింది. నిజంగా మోపిన బరువు 8,008 పౌండ్లు. తేడా ఇరవై పౌండ్లే! ఈ కొలతలను ఆధారం చేసుకొని 1886లో మాంచెస్టర్ ఆచార్యుడు ఆస్బర్న్ రేనాల్డ్స్ ప్రకటించిన సమీకరణమే నేటికీ కందెనశాస్త్రానికి మూలం. 1883లోనే సెయింట్ పీటర్స్‌బర్గులో నికొలాయ్ పెట్రోవ్ అనే రష్యన్ ఇంజనీరు కూడా ఇరుసుల ఘర్షణకు నూనె చిక్కదనమే కీలకమని నిరూపించాడు. 1955లో సోవియట్ ఒప్పందంతో ప్రాణం పోసుకొన్న మన భిలాయి వారికి ఆ పేరు కూడా స్మరణీయమే. 1966లో బ్రిటన్‌లో పీటర్ జోస్ట్ అధ్యక్షతన వెలువడిన నివేదికతో ఈ విద్యకు 'ట్రైబాలజీ' అనే పేరు స్థిరపడింది.

ఇంత చదివిన మేము ఆ బిరడా పాఠాన్ని అనుభవంలో నేర్చుకొన్నది మాత్రం సిగ్గుపడవలసిన రీతిలో. కొత్తగా షిఫ్టు బాధ్యత స్వీకరించిన రోజులవి. ఒక పెద్ద ఫ్యాను బేరింగు పెట్టె నుండి షాఫ్టు వెంట నూనె చెమ్మగిల్లుతూ ఉండేది. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి స్థిరపడిన ముసలి ఫిట్టరొకాయన, "బాబూ, అది కారడం కాదు, దానికి ఊపిరాడ్డం లేదు. మీదనున్న మూత ఒక్కపాలి ఇప్పించండి" అన్నాడు. డిగ్రీ చేతనున్న మాకు ఆ మాట చెవికెక్కలేదు. ప్యాకింగు బిగింపించాము. కారడం ఆగింది, లాగ్ బుక్కులో సంతోషంగా వ్రాసుకొన్నాము. మూడవ రాత్రి నూనె అవతలి వైపు నుండి జారిపోయి, మట్టం తగ్గి, నూనె తోడే రింగుకు నూనె అందక, వైట్ మెటల్ కరిగిపోయింది. ఫ్యాను ఒక షిఫ్టు పైగా నిలిచిపోయింది. తెరచి చూస్తే, పెట్టెలోని గాలి వెలుపలికి పోవలసిన బ్రీదరు ధూళితో పూర్తిగా పూడుకుపోయి ఉన్నది. ఆ పెద్దాయన 'నేను ముందే చెప్పానుగదా' అని ఒక్కమాటైనా అనలేదు. అతడే కొత్త బేరింగు గీకి కూర్చోబెట్టాడు.

ఆ నాటి నుండి ఏ పెట్టె నుండి నూనె కారినా మేము స్పానరు కంటె ముందు ప్రశ్నను చేతబట్టుకొన్నాము: ఈ నూనె ఎందుకు బయటికి రావాలనుకొంటున్నది? ఆ ప్రశ్నకు సమాధానం డ్రాయింగులో ఉండవచ్చు; రోజూ ఆ యంత్రాన్ని గుడ్డతో తుడిచే హెల్పరు నోటిలోనూ ఉండవచ్చు.

అరవై ఏళ్లు నిండకుండానే 1904లో టవర్ కన్నుమూశాడు. ఆయన గొప్పతనం గణితంలో లేదు. ఆ పని రేనాల్డ్స్ చేశాడు. తన ప్రయోగానికి అడ్డుతగిలిన చికాకును దాచిపెట్టక, దానినే కొలిచి నివేదికకు ఎక్కించడంలో ఉన్నది. మన షాపులలో ప్రతి షిఫ్టులోనూ ఏదో ఒక బిరడా మెల్లగా పైకి లేస్తూనే ఉంటుంది. దానిపై సుత్తి దెబ్బ వేసే ముందు, సోదరులారా, ఒక్క క్షణం ఆగి మాపకం అమర్చండి. మాపకం లేకపోతే, పక్కనున్న ముసలి ఫిట్టరును అడగండి.