‘పేరేంటి?’ అని అడిగితే ‘పేరేంటి?’ అంటారు: ఆటిజం ఉన్నవారు పోలీసులకు ఎదురుపడితే ఏం జరుగుతుంది? కుటుంబం బాధ్యత ఎంత?

2016 జులై 18. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, నార్త్ మయామి నగరం. ఆటిజం ఉన్న ఓ యువకుడు తాను ఉంటున్న గ్రూప్ హోమ్ నుంచి బయటికి వచ్చేసి రోడ్డు మీద కూర్చున్నాడు. చేతిలో వెండి రంగు బొమ్మ ట్రక్కు ఉంది. అటుగా వెళ్తున్నవారు ఎవరో దాన్ని తుపాకీ అనుకున్నారు. ఆత్మహత్య చేసుకునేలా ఉన్నాడంటూ 911కి ఫోన్ చేశారు.

అతన్ని తిరిగి తీసుకెళ్లడానికి వచ్చిన సంరక్షకుడు ఛార్లెస్ కిన్సీ, పోలీసులు తుపాకులు ఎక్కుపెట్టడం చూసి రోడ్డు మీదే వెల్లకిలా పడుకున్నారు. రెండు చేతులూ పైకెత్తారు. అతని దగ్గర ఉన్నది బొమ్మ ట్రక్కు మాత్రమేనని, తాను థెరపిస్టునని గట్టిగా అరిచి చెప్పారు. ఈ దృశ్యం ఒకరి ఫోన్‌లో రికార్డయింది కూడా. అయినా దూరంగా ఉన్న ఒక అధికారి రైఫిల్‌తో మూడుసార్లు కాల్చారు. ఒక తూటా కిన్సీ కాలికి తగిలింది. గాయపడిన ఆయనకే బేడీలు వేశారు.

తాను గురిపెట్టింది కిన్సీకి కాదని, ఆటిజం ఉన్న యువకుడికని, అతను కిన్సీకి హాని చేస్తాడేమోనని భయపడ్డానని ఆ అధికారి చెప్పుకున్నారు. 2019లో జ్యూరీ ఆయన్ను నిర్లక్ష్యానికి సంబంధించిన చిన్న నేరం కింద దోషిగా తేల్చింది. 2022లో అప్పీలు కోర్టు దాన్నీ కొట్టేసింది.

ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ ముందుగా వినిపించే మాట ఒకటుంది. ‘అలాంటివాళ్లను ఇంట్లోవాళ్లే జాగ్రత్తగా చూసుకోవాలి కదా?’ నార్త్ మయామిలో ఆ చూసుకునే మనిషి పక్కనే ఉన్నారు. చెప్పాల్సింది చెప్పారు, చేయాల్సింది చేశారు. ఆ మాట వినే ఏర్పాటే అవతలివైపు లేదు.

అది తుపాకుల దేశం, ఇక్కడ పరిస్థితి వేరు అనిపించొచ్చు. నిజమే, మన బీట్ కానిస్టేబుల్ చేతిలో ఉండేది లాఠీ. కానీ ఎదుటి మనిషిని తప్పుగా అర్థం చేసుకోవడానికి తుపాకీతో పని లేదు. ఆటిజం మొహం మీద కనిపించేది కాదు. రాత్రి రెండు గంటలకు గస్తీ తిరుగుతున్న పోలీసుకు కనిపించేది కళ్లలోకి చూడని, పిలిస్తే పలకని, చేతులు ఆడిస్తూ అటూఇటూ తిరుగుతున్న ఒక కుర్రాడు. తాగాడేమో, గంజాయి కేసేమో అనుకుంటారు. భుజం మీద చెయ్యి వేస్తే పారిపోతాడు. తాకితే తట్టుకోలేకపోవడం ఆటిజంలో చాలామందికి ఉండేదే. కానీ పోలీసు లెక్కలో పారిపోవడం అంటే అనుమానం బలపడటం. సైరన్ మోగితే చెవులు మూసుకుని కింద కూర్చుంటాడు. అప్పుడు అది ‘సహకరించకపోవడం’ అవుతుంది.

అన్నిటికంటే ప్రమాదం మాటతో వస్తుంది. ఆటిజం ఉన్నవారిలో కొందరు విన్న మాటనే తిరిగి పలుకుతారు. ‘పేరేంటి?’ అంటే ‘పేరేంటి?’ అంటారు. వెటకారం చేస్తున్నాడని కోపం రావడానికి అది చాలు. ‘ఫోన్ నువ్వే కదా తీసింది?’ అని గద్దిస్తే ‘నువ్వే కదా తీసింది’ అనొచ్చు, లేదా అడిగినవారు శాంతిస్తారని ‘అవును’ అనొచ్చు. స్టేషన్‌లో అది ఒప్పుకోలులా వినిపిస్తుంది.

పోలీసులకంటే ముందు జనం చేతికి చిక్కడం మన దగ్గర ఇంకో సమస్య. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకినప్పుడు, తెలుగు రాష్ట్రాల్లో కూడా కొత్తగా కనిపించినవారిని, సమాధానం చెప్పలేకపోయినవారిని పట్టుకుని కొట్టారు. అలాంటి చోట పోలీసు జీపు రావడమే రక్షణ. కాబట్టి పోలీసులకు దూరంగా ఉంటే చాలన్నది కుటుంబాలకు పనికొచ్చే సలహా కాదు.

చట్టం ఏం చెబుతోంది?

2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం–2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. పత్రికల్లో అలవాటుగా రాసే ‘మతిస్థిమితం లేని వ్యక్తి’ అన్న మాట ఇక్కడ పొరపాటు. ఆటిజం మానసిక వ్యాధి కాదు, మెదడు ఎదుగుదలలో ఉండే తేడా.

ఈ చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్న వ్యక్తిపై వేధింపు గానీ హింస గానీ జరుగుతోందని తెలిసిన పోలీసు అధికారి, రక్షణ కోసం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించే హక్కు ఉందని, ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందని బాధితులకు చెప్పాలి. 47వ సెక్షన్ గురించి బయట పెద్దగా మాట్లాడుకోరు గానీ, అసలు కీలకం అదే. పోలీసు అధికారుల శిక్షణలో వైకల్య హక్కులు తప్పనిసరిగా ఉండాలని అది చెబుతోంది. అంటే శిక్షణ ఇవ్వడం ఏ కమిషనరో దయతలచి చేసే మంచిపని కాదు, చట్టం పెట్టిన బాధ్యత. మీ జిల్లాలో ఎంతమంది కానిస్టేబుళ్లకు, ఎన్ని గంటలు, ఎవరితో ఆ శిక్షణ ఇప్పించారో సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్లు ఉంటే తప్ప ఇలాంటి సెక్షన్లు కదలవు.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 179వ సెక్షన్ కూడా గుర్తుపెట్టుకోవాల్సిందే. కేసు దర్యాప్తులో సాక్షిగా విచారించాలంటే మానసిక లేదా శారీరక వైకల్యం ఉన్న వ్యక్తిని స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. ‘ఒకసారి స్టేషన్‌కు తీసుకురండి, మాట్లాడి పంపిస్తాం’ అని ఫోన్ వస్తే ఈ సెక్షన్ నంబరు మర్యాదగా గుర్తుచేయొచ్చు.

లైంగిక నేరాల్లో బాధితులకు వైకల్యం ఉంటే, ఇంటర్‌ప్రెటర్ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ సమక్షంలో వాంగ్మూలం తీసుకోవాలి, వీడియో తీయాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పఠాన్ జమాల్ వలీ కేసులో 2021 ఏప్రిల్‌లో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, వైకల్యం ఉన్నవారి సాక్ష్యాన్ని తక్కువ చేసి చూడకూడదని చెప్పింది. స్పెషల్ ఎడ్యుకేటర్లు, ఇంటర్‌ప్రెటర్లు పోలీసులకు అందుబాటులో ఉండేలా చూడాలని, పోలీసులకు అవగాహన కల్పించాలని కూడా సూచించింది.

అసలు లోపం ఇక్కడే బయటపడుతుంది. ఆ రక్షణ బాధితులకు. అదే మనిషిని అనుమానితుడిగా కూర్చోబెడితే? పక్కన అతని భాష తెలిసిన మనిషి ఉండి తీరాలన్న స్పష్టమైన నిబంధన బీఎన్ఎస్ఎస్‌లో లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1984 నాటి పోలీసు చట్టం కింద వచ్చిన నియమాల ప్రకారం, ఇలాంటివారిని ప్రశ్నించేటప్పుడు పక్కన ‘అప్రోప్రియేట్ అడల్ట్’ అనే వ్యక్తి ఉండాలి. అది తల్లిదండ్రులు కావచ్చు, సంరక్షకులు కావచ్చు, శిక్షణ పొందిన వాలంటీరు కావచ్చు. మన దగ్గర ఆ పాత్ర స్టేషన్ గుమ్మం బయట నిలబడ్డ తండ్రి బతిమాలుకునే ఓపిక మీద ఆధారపడి ఉంది.

మరి కుటుంబం చేయాల్సింది?

ఆటిజం ఉన్న పిల్లలు చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం పెంపకంలో లోపం కాదు. 2012లో ‘పీడియాట్రిక్స్’ జర్నల్‌లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, నాలుగేళ్లు దాటాక కనీసం ఒకసారైనా అలా వెళ్లిపోవడానికి ప్రయత్నించినవారు 49 శాతం. దాదాపు ఇద్దరిలో ఒకరు. అంటే ‘మావాడు వెళ్లడు’ అనుకోవడం కంటే ‘వెళ్తే ఏంటి’ అని ముందే ఆలోచించుకోవడం మేలు.

వెళ్లాక తొలి నిమిషాల్లో దగ్గర్లోని చెరువు, కాలువ, సంపు, స్విమ్మింగ్ పూల్ చూడాలి. ఈ పిల్లల్లో చాలామందికి నీళ్లంటే ఆకర్షణ. ఇంకొకరు అదే సమయంలో 112కి ఫోన్ చేయాలి. 24 గంటలు ఆగాకే ఫిర్యాదు తీసుకుంటారన్నది అపోహ. 18 ఏళ్లలోపు పిల్లలు కనిపించకపోతే వెంటనే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. ఫోన్‌లో చెప్పే మొదటి వాక్యం చిన్నదిగా ఉండాలి: ‘ఆటిజం ఉంది, మాట్లాడలేడు, పట్టుకుంటే భయపడతాడు, చేతిలో ఉన్నది ఫలానా వస్తువు.’ ఊరు, పేరు, చదువు అన్నీ ఆ తర్వాత. చేతికి బ్యాండ్ మీద గానీ చొక్కా లోపల కుట్టిన గుడ్డముక్క మీద గానీ ఫోన్ నంబరు ఉండాలి. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు ఫొటోలు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. బీరువాలో ఉంటే ఆ రాత్రికి పనికిరావు.

వీలైతే పిల్లల్ని ఒకసారి మామూలు రోజున స్థానిక స్టేషన్‌కు తీసుకెళ్లి పరిచయం చేయండి. స్టేషన్ గడప తొక్కడం నామోషీ అనుకునే ఇళ్లకు ఇది కష్టమే. కానీ ఆ వీధి బీట్ కానిస్టేబుల్ ఆ ముఖాన్ని ఒక్కసారి చూసి ఉంటే, రాత్రి జరిగే కథ వేరుగా ఉంటుంది. వాచ్‌మన్‌కు, వీధి చివర కిరాణా కొట్టు ఆయనకు చెప్పి ఉంచడం కూడా అంతే ముఖ్యం.

భయంతో తలుపుకు బయట తాళం వేసి వెళ్లడం, కట్టేయడం జాగ్రత్త కిందికి రావు. క్రూరంగా, అమానుషంగా చూడకుండా రక్షణ పొందే హక్కును వికలాంగుల చట్టం ఇంట్లోనూ ఇస్తోంది. తమ సంరక్షణలో ఉన్న వ్యక్తికి తెలిసి తెలిసి తిండి, నీళ్లు ఇవ్వకపోతే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. అలసిపోయిన తల్లిదండ్రులకు ఈ మాట చెప్పడం సులువు కాదు. కాసేపు బాధ్యత పంచుకునే డే కేర్ కేంద్రాలు ఎన్ని ఉన్నాయని వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే ప్రభుత్వం దగ్గర గట్టి సమాధానం లేదు.

చివరగా చాలామంది తల్లిదండ్రులు పట్టించుకోని కాగితం ఒకటుంది. పిల్లలకు 18 ఏళ్లు నిండగానే చట్టం దృష్టిలో వాళ్లు మేజర్లు. 24 ఏళ్ల కొడుకు తరఫున మాట్లాడబోతే ‘మీరెవరు? అతన్నే చెప్పమనండి’ అని స్టేషన్‌లో అనగలరు. నేషనల్ ట్రస్ట్ చట్టం–1999 కింద ఆటిజం ఉన్న మేజర్లకు చట్టబద్ధ సంరక్షకులను నియమించే అధికారం జిల్లా కలెక్టర్ నేతృత్వంలోని లోకల్ లెవల్ కమిటీకి ఉంది. తల్లిదండ్రులైనా దరఖాస్తు చేసుకోవాల్సిందే. నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైట్ ద్వారా ఆన్‌లైన్‌లో కూడా చేయొచ్చు. ఎలా నింపాలో తెలియకపోతే జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో అడగండి.