బదులు పలికే దీపం

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు కనుక్కోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అనుకుంటూ వెళ్తే చాలు. కవరు మీద 4/14 అని రాసినా ఉత్తరం చేరుతుంది. ఇప్పుడు ఆ ఇళ్లలోపల దీపాలకు కూడా అలాంటి నంబర్లే వస్తున్నాయి. హాల్లో లైటుకొకటి, వరండా లైటుకొకటి, దేవుడి గదిలో చిన్న బల్బుకొకటి. టీవీ పక్కన కూర్చున్న చిన్న పెట్టె ఏ నంబరు పెట్టి పిలిస్తే ఆ దీపమే వెలుగుతుంది. దాన్ని కంట్రోలర్ అంటున్నారు. అది దీపంతో ఎలా మాట్లాడుతుందో కొంతైనా తెలుసుకోవడం ఆ ఇంట్లో ఉండేవాళ్లకు అవసరం.

ఈ దారిలో గుంటూరు తొలి అడుగు వేసి చాలా ఏళ్లయింది. 2014లో రాష్ట్రంలో ఎల్ఈడీ బల్బుల పంపిణీ మొదలుపెట్టిన నాలుగు జిల్లాల్లో మనదీ ఒకటి. రెండు పాత బల్బులు తీసుకుని, ఒక్కోటి 10 రూపాయలకు 7 వాట్ల బల్బులు రెండు ఇచ్చారు. పాత బల్బులో ఉన్నది టంగ్‌స్టన్ తీగ మాత్రమే. ఎల్ఈడీ బల్బు అడుగున మాత్రం కరెంటును తనకు తగ్గట్టు మార్చుకునే చిన్న సర్క్యూట్ ఉంటుంది. దాని పక్కన రేడియో చిప్ ఒకటి చేరిస్తే చాలు, చెప్పిన మాట వినే దీపం తయారవుతుంది.

వినడం సరే, విన్నానని చెప్పడం మాటేమిటి? 1975లో స్కాట్లాండ్‌కు చెందిన పికో ఎలక్ట్రానిక్స్ ఎక్స్10 అనే పద్ధతి తెచ్చింది. అందులో కబురు ఇంటి కరెంటు తీగల మీదుగానే వెళ్లేది. వోల్టేజి సున్నాకు వచ్చే క్షణం చూసి సన్నని సంకేతాన్ని అందులోకి వదిలేవారు. 16 అక్షరాలు, 16 అంకెలు కలిపి 256 చిరునామాలు. తెలివైన ఏర్పాటే, కానీ తొలినాటి పరికరాలు తిరిగి ఏమీ చెప్పేవి కావు. మధ్యలో ఏ మోటారో తిరిగి సంకేతం చెదిరిందంటే, కంట్రోలర్ లెక్కలో లైటు వెలుగుతూనే ఉంటుంది, గదిలో మాత్రం చీకటి. ఆ తర్వాత వచ్చిన మార్పులన్నిటిలోకీ పెద్దది, దీపం బదులు పలకడం నేర్చుకోవడమే. పెద్ద భవనాల్లో వాడే డాలీ పద్ధతిలో రెండు తీగల మీద 64 దీపాల దాకా కలపవచ్చు. చిరునామా, ఆజ్ఞ కలిపి 16 బిట్లలో కంట్రోలర్ అడిగితే, దీపం 8 బిట్లలో జవాబిస్తుంది. ఎంత వెలుతురులో ఉన్నావు, ఏమైనా పాడైందా అని అడిగి తెలుసుకోవచ్చు.

ఇళ్లలోకి వస్తున్న జిగ్‌బీ అనే రేడియో పద్ధతికి ఆ తీగలు కూడా అక్కర్లేదు. ఫ్యాక్టరీలో వేసిన పొడుగాటి నంబరు ఒకటి, మన ఇంటి నెట్‌వర్క్‌లో చేరాక ఇచ్చే పొట్టి నంబరు ఒకటి దీపానికి ఉంటాయి. ఇక మాటలంటారా, చాలా చిన్నవి. 0 అంటే ఆరిపో, 1 అంటే వెలుగు, 2 అంటే ఇప్పుడున్నదానికి తిరగబడు. వెలుతురు 0 నుంచి 254 దాకా. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ 2 దగ్గర కాసేపు ఆగాలి. ఒక గదిలో నాలుగు బల్బులకు 2 పంపితే, వాటిలో ఒకటి ముందే వెలిగి ఉంటే, మూడు వెలిగి అదొక్కటీ ఆరిపోతుంది. 1 పంపితే ఆ తికమక లేదు. ఎన్నిసార్లు చెప్పినా అర్థం ఒకటే. దగ్గరి బల్బు దూరపు బల్బుకు కబురు చేరవేస్తుంది కూడా. అందుకే అలవాటుగా ఎవరైనా గోడ స్విచ్ ఆపేస్తే ఆ బల్బు మూగబోవడమే కాదు, దాని ద్వారా వెళ్లే మాటలకూ దారి తెగుతుంది.

బ్రాడీపేటలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. సెలవులకు వస్తూ అమ్మానాన్నల కోసం ఇలాంటి సరంజామా పెట్టెలో పెట్టుకొస్తారు. ప్రేమతో తెచ్చినదే. అయితే అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. అక్కడి బల్బులకు మర, ఇక్కడి హోల్డర్లకు ఎక్కువగా పిన్నులు. జడ్-వేవ్ అనే మరో రేడియో పద్ధతి పరికరమైతే ఇంకో చిక్కు. అమెరికాలో అది 908 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుతుంది, మన దేశంలో 865 దగ్గర. పేరు ఒకటే అయినా ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. జిగ్‌బీకి అన్నిచోట్లా 2.4 గిగాహెర్ట్జ్ ఉంది కాబట్టి ఆ బాధ లేదు.

పాత ఇళ్ల గోడలది మరో సంగతి. సాకెట్ లేని బోర్డుల్లో చాలాచోట్ల ఫేజు తీగ ఒక్కటే కిందికి దిగుతుంది. "న్యూట్రల్ లేదమ్మా, లాగాలి" అని ఎలక్ట్రీషియన్ అంటే అది ఖర్చు పెంచడానికి చెప్పే మాట కాదు. స్విచ్‌లో పెట్టే మాడ్యూల్ కూడా బతకాలంటే కరెంటు కావాలి కదా. న్యూట్రల్ లేకుండా పనిచేసే రకం, బల్బు గుండానే కొద్దిపాటి కరెంటు తీసుకుంటుంది. స్విచ్ ఆపినా కొన్ని ఎల్ఈడీలు రాత్రంతా మిణుకు మిణుకుమనేది అందుకే. అర్ధరాత్రి పోయిన కరెంటు తిరిగి రాగానే పడకగది ఒక్కసారిగా వెలుగుతో నిండిపోవడం మరో చిక్కు. గోడ స్విచ్ వేశారో, సరఫరా తిరిగొచ్చిందో బల్బుకు తేడా తెలియదు. కరెంటు వచ్చినప్పుడు ఎలా ఉండాలో ముందే దానికి చెప్పి ఉంచే వీలు చాలా బల్బుల్లో ఉంది. బిగించేవాళ్లు ఆ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పి మరీ వెళ్లాలి.

ఒక్క విషయంలో మాత్రం పట్టుదల అవసరమనిపిస్తుంది. వంటింటి లైటు వేయమన్న మాట ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ సర్వర్‌కు వెళ్లి తిరిగి వంటింటికి రావడం మంచి ఏర్పాటు కాదు. ఇంటర్నెట్ పోయిన సాయంత్రం డెబ్బై ఏళ్ల మనిషి చీకట్లో తడుముకోకూడదు. మాట ఇంట్లో పుట్టి ఇంట్లోనే ముగియాలి. గోడ మీద స్విచ్ ఎప్పటిలా పనిచేయాలి. 2022 అక్టోబరులో తొలి రూపం తీసుకున్న మ్యాటర్ ప్రమాణం ఇంటిలోపలే సంభాషణ జరగడానికి వీలు కల్పిస్తోంది. కొనేటప్పుడు దుకాణంలో ఇదొక్కటి అడిగి కొనడం మేలు.

ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు చదివే పిల్లలకు ఈ చిరునామాల విద్య కూడా చేతికి అందాలి; రేపు ఈ ఇళ్లకు పిలుపు వచ్చేది వాళ్లకే. ఈలోగా పని చేసి వెళ్లేవాళ్లను మీటరు బోర్డు తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించమని అడుగుదాం: ఏ దీపానికి ఏ నంబరు, కంట్రోలర్ ఎక్కడుంది, అది చెడిపోతే ఏ స్విచ్ నేరుగా పనిచేస్తుంది అన్నవి తెలుగులో, పెద్ద అక్షరాలతో.