చెట్‌క్వా నోట ఎవరి మాట?

లండన్‌ క్యూ గార్డెన్స్‌లోని పగోడాని ఫోటో తీయకుండా రావడం కష్టం. 1762లో విలియం ఛేంబర్స్ కట్టించింది. దాదాపు యాభై మీటర్ల ఎత్తు, పది అంతస్తులు. చైనా పగోడాలకి మామూలుగా బేసి అంతస్తులుంటాయి. పోనీ, అదేమంత నేరం కాదు. ఛేంబర్స్‌తో నా పేచీ పగోడా గురించి కాదు, పుస్తకం గురించి.

స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా ఆయన కాంటన్ చూశాడు. అక్కడి కట్టడాల మీద 1757లో వేసిన పుస్తకం విలువైనదే. కానీ 1772లో ప్రాచ్య దేశాల తోటల మీద రాసిందేమిటి? చైనా తోటల్లో దారి పక్కన ఉరికొయ్యలు, చిత్రహింసల సామగ్రి ఉంటాయట, నడిచేవాళ్లకి కరెంటు షాకులు కూడా తగులుతాయట! 18వ శతాబ్దపు చైనా తోటలో కరెంటు షాకా? దీన్ని ‘ఊహాశక్తి’ అని మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అసలు గురి చైనా కాదు, లండన్‌లో ఆయన పోటీదారు కేపబిలిటీ బ్రౌన్. మన దేశంలో దండుకున్న డబ్బుతో క్లేర్‌మాంట్ ఎస్టేట్ కొన్న రాబర్ట్ క్లైవ్, అక్కడి ఇంటి పని ఛేంబర్స్‌ని కాదని బ్రౌన్‌కే ఇచ్చాడు. (ఎవడి సొమ్ము, ఎవడి తగువు!) బ్రౌన్ తోటలు ఒట్టి పచ్చిక మైదానాలని తిట్టడానికి ఛేంబర్స్‌కి ఒక కర్ర కావాలి. చైనా దొరికింది.

జనం నవ్వారు. విలియం మేసన్ 1773లో వ్యంగ్య కావ్యమే రాశాడు. అదే ఏడాది రెండో ముద్రణలో ఛేంబర్స్ ఒక ప్రసంగం చేర్చాడు, చెట్‌క్వా చెబుతున్నట్టుగా. చెట్‌క్వా కల్పిత పాత్ర కాదండీ. కాంటన్ నుంచి వచ్చి లండన్ పెద్దమనుషుల మట్టిబొమ్మలు చేసిన కళాకారుడు. 1770లో రాయల్ అకాడమీలో ఆయన పని ప్రదర్శించారు. జొఫానీ గీసిన అకాడమీ సభ్యుల చిత్రంలో, వెనక వరసలో, ఆయన ముఖమూ ఉంది. ఆ అకాడమీకి కోశాధికారి ఛేంబర్సే. పుస్తకం వచ్చేనాటికి చెట్‌క్వా దేశం వదిలి వెళ్లిపోయాడు. ‘ఇవి నా మాటలు కావు’ అనడానికి మనిషే లేడు.

‘ఆ కాలం అలాంటిది’ అంటారా? సరే, మరి 1759లో గ్రీకు, రోమన్ స్తంభాల గురించి రాసినప్పుడు ఇదే మనిషి ఒక్కో కొలతా సరిచూసుకుని రాశాడే! సోమర్‌సెట్ హౌస్ కట్టిన చేతికి కొలవడం రాక కాదు. ఎవరి విషయంలో కొలవాలో, ఎవరి విషయంలో అక్కర్లేదో ఆయనకి బాగా తెలుసు.

2018లో పగోడా మీదికి ఎనభై డ్రాగన్లు తిరిగొచ్చాయి, చాలావరకు త్రీడీ ప్రింటింగ్‌తో. చెట్‌క్వా మాత్రం ఇంకా ఆ వెనక వరసలోనే ఉన్నాడు.