ర్యాంకు లిస్టులో పేరు లేకపోతే ఆట రానట్టేనా?



పోయిన నెల హాస్టల్లో రాత్రి అన్నాలు తిన్నాక ఒక వాదన మొదలైంది. బీపీఈడీ చదివే మన అన్న ఒకరు అమెరికాలో హైస్కూల్ బేస్‌బాల్ పిల్లలకు ఇచ్చే ర్యాంకుల సంగతి తీశారు. పదహారు, పదిహేడేళ్ళ పిల్లల్ని దేశం మొత్తం మీద వరసబెట్టి 1, 2, 3 అని నంబర్లు వేస్తారు. "అంత డబ్బు పెట్టి, మెషీన్లతో కొలుస్తారు, తప్పెట్ల అయితది" అని కొందరు. "అంతా ఉత్తదే" అని కొందరు. మేము ఈ రెండు మాటలూ పూర్తిగా ఒప్పుకోము. కొంచెం ఓపిగ్గా చదవండి, ఇది చివరికి మన పిల్లల దగ్గరికే వస్తుంది.

ముందు ర్యాంకుల వైపు నుంచి న్యాయంగా మాట్లాడుకుందాం. అక్కడ 1965 నుంచి డ్రాఫ్ట్ అనే పద్ధతి ఉంది. టీములు వంతులవారీగా కుర్రాళ్ళను ఎంచుకుంటాయి. బంతి ఎంత వేగంగా వేస్తున్నాడు, 60 గజాలు ఎన్ని సెకన్లలో ఉరుకుతున్నాడు, అన్నీ కొలుస్తారు. 1987లో అందరికంటే ముందు తీసుకున్న హైస్కూల్ కుర్రాడు కెన్ గ్రిఫీ జూనియర్. 1993లో అలెక్స్ రోడ్రిగ్జ్. ఇద్దరూ ఆటను ఏలారు. మొదటి రౌండులో ఎంపికైనవాళ్ళు పెద్ద లీగ్ దాకా పోయే అవకాశం, చివరి రౌండ్లవాళ్ళకంటే చాలా ఎక్కువ. కాబట్టి లిస్టు ఉత్తదే అంటే కుదరదు.

మరి తప్పినవి? 1966లో మొదటి పిలుపు స్టీవ్ చిల్కాట్ అనే హైస్కూల్ కుర్రాడికి వచ్చింది. అతను పెద్ద లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. రెండో పిలుపు అందుకున్న రెగ్గీ జాక్సన్ 563 హోమ్ రన్లు కొట్టాడు. 1991లో మొదటివాడు బ్రియెన్ టేలర్. చేతికి 15 లక్షల డాలర్లు దాటి వచ్చాయి. తర్వాత ఒక గొడవలో భుజం పోయింది, పెద్ద లీగ్ దాకా ఎన్నడూ పోలేదు. ఇంకోవైపు మైక్ పియాజా. 1988లో 62వ రౌండులో, 1,390వ వాడిగా తీసుకున్నారు. అదీ వాళ్ళ నాన్నకు స్నేహితుడైన టీం మేనేజర్ మాట మీద. అతను 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు.

పియాజా సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. లిస్టు అతన్ని చూడలేదు. కానీ అతని తరఫున మాట్లాడే మనిషి ఒకరున్నారు. మాట్లాడే మనిషి లేని పిల్లల పేర్లు మనకెవరికీ తెలియవు. అసలు లోపం ఇక్కడుంది అంటాం మేము. ర్యాంకు అంటే చూసినవాళ్ళలో ఎవరు ముందు అనే లెక్క. చూడనివాళ్ళు ఆ లెక్కలోనే లేరు. అక్కడ కూడా స్కౌట్ల కంట్లో పడాలంటే ఫీజులు కట్టాలి, ఊళ్ళు తిరగాలి. అది అందరివల్లా అయ్యే పని కాదు.

జాకోబీ ఎల్స్‌బరీని చూడండి. తల్లి నవాహో ఆదివాసీ. ఆరెగాన్‌లో మద్రాస్ అనే చిన్న ఊళ్ళో చదివాడు (అవును, ఊరి పేరు అదే). హైస్కూల్ అయ్యాక 2002లో 23వ రౌండులో తీసుకున్నారు. అతను సంతకం పెట్టకుండా కాలేజీకి పోయాడు. 2005లో అతన్నే మొదటి రౌండులో తీసుకున్నారు. మూడేళ్ళలో పిల్లోడు మారాడా, చూసేవాళ్ళ కళ్ళు మారాయా? రెండూ మారాయి. అందుకే పదిహేడేళ్ళకు వేసిన నంబరు ఆ రోజుటి నంబరే, జీవితానికి కాదు.

ఇంకో సంగతి, వయసు. అక్కడ పిల్లల లీగుల్లో చాలా ఏళ్ళు జూలై 31ని కటాఫ్‌గా పెట్టారు. దాంతో ఆగస్టులో పుట్టినోళ్ళు వాళ్ళ గ్రూపులో అందరికంటే పెద్దవాళ్ళయ్యేవాళ్ళు. పెద్ద లీగ్ ఆటగాళ్ళలో ఆగస్టు పుట్టుకలు ఎక్కువ ఉన్నాయని లెక్కల్లో తేలింది. కొన్ని నెలల ఎదుగుదలను టాలెంట్ అనుకున్నారన్నమాట.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మనలో ఎంతమందికి సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూన్‌లో ఉందో చూసుకోండి. బడిలో వేసినప్పుడు సార్ రాసిందే పుట్టినరోజు. ఒకరికి ఏడాది ఎక్కువ, ఒకరికి ఏడాది తక్కువ. ఆ కాగితం పట్టుకొని సెలెక్షన్లకు పోతాం. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్, 800 మీటర్లు, ఒక్క పూటలో అన్నీ అయిపోతాయి.

మాతో చదివిన ఒక తమ్ముడు అట్లనే పోయాడు. మొదటి బస్సు తప్పింది. ఏమీ తినకుండా ఎండలో 800 మీటర్లు ఉరికాడు. లిస్టులో పేరు రాలేదు. ఎన్ని మార్కులొచ్చాయో కూడా ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చాక "నీకు ఆటలు రావురా" అన్నారు. ఆ మాటే వాడికి ర్యాంకు అయింది. మళ్ళీ గ్రౌండ్‌కు రాలేదు. మేము కూడా ఆ రోజు ఏమీ అనలేదు, అదే ఇప్పటికీ బాధ.

మలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో. భువనగిరి గుట్ట మీద ట్రైనింగ్ ఇచ్చి చూశారు కాబట్టి ఆ పిల్ల సంగతి లోకానికి తెలిసింది. చూడకపోతే?

కాబట్టి మా మాట ఇది. సెలెక్షన్లు వద్దని కాదు. ఒక్కసారి కాకుండా, కొన్ని నెలల తేడాతో రెండుసార్లు చూడండి. ముందురోజే పిల్లల్ని తెచ్చి అన్నం పెట్టి పడుకోబెట్టండి. వచ్చిన మార్కులు పిల్లల చేతికివ్వండి, ఎక్కడ తగ్గారో తెలిస్తేనే కదా దిద్దుకునేది.

ఇవి అడుగుతూనే మన పని మనం చేద్దాం. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక నోట్‌బుక్ చాలు. మన గూడెం, తండా పిల్లల్ని ఉరికించి రాసిపెట్టండి. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రాయండి. పియాజాకు ఒక మేనేజర్ ఉన్నాడు. మన పిల్లలకు మాట్లాడే మనుషులం మనమే కావాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, లిస్టులో పేరు లేదని బూట్లు మూలన పడేయకండి. మీలో ఎవరికైనా ఇట్లాంటి అనుభవం ఉంటే రాయండి.

జోహార్.