ఒక టికెట్టు, ఎన్ని రోజుల కూలి?

ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, బండల పాలిష్ యూనిట్లు, కలమళ్ల దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. వినోద పార్కు మాత్రం లేదు. పిల్లలు అడిగేది హైదరాబాద్ శివార్లలోని వండర్‌లా, రామోజీ ఫిల్మ్ సిటీ. అంత డబ్బు పెట్టి వెళ్లడం దండగా, కాదా అన్న ప్రశ్నకు నెల జీతగాడి ఇంట్లో వచ్చే జవాబు, గని కూలీ ఇంట్లో వచ్చే జవాబు ఒకటి కావు.

లెక్క వేద్దాం. పెద్దల టికెట్టు వెయ్యి రూపాయలు దాటుతుంది. పిల్లలకు కాస్త తగ్గినా నలుగురికి నాలుగు వేలు అనుకుందాం. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి రూ.307. అంటే టికెట్లకే 13 రోజుల కూలి పోతుంది. అప్పటి చట్టం ఇంటిల్లిపాదికీ కలిపి హామీ ఇచ్చింది ఏడాదికి 100 రోజులే. రైలు చార్జీ, తిండి దీనికి అదనం. ఉద్యోగికి సెలవు రోజున కూడా జీతం వస్తుంది. కూలీకి ఆ రోజు కూలి పోతుంది. ఆలుమగలిద్దరూ రెండేసి రోజులు పని మానుకుంటే మరో రూ.1,228 పోయినట్టే. పార్కు గేటు దగ్గర రాసిన ధర అందరికీ ఒకటే, చెల్లించే ధర ఒకటి కాదు.

మరి దండగేనా? కాదు. వినోదశాలల్లోకి ప్రవేశం మనకు ఊరికే రాలేదు. కులం పేరుతో ఎవరినీ అక్కడ ఆపకూడదని రాజ్యాంగం 15(2) అధికరణ ప్రత్యేకంగా చెప్పింది. ఆపితే నేరమని 1955 నాటి చట్టం చెప్పింది. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో, నల్లపిల్లలను రానివ్వని వినోద పార్కు గురించి తన ఆరేళ్ల కూతురికి ఎలా చెప్పాలో తెలియని బాధ ఉంది. అదే ఏడాది బాల్టిమోర్ దగ్గరి గ్విన్ ఓక్ పార్కులో ప్రవేశం కోసం వందలమంది అరెస్టయ్యారు. ఆగస్టు 28న గేటు తెరుచుకుంది. పిల్లల ఆటను ఉద్యమాలు ఎన్నడూ చిన్న విషయంగా చూడలేదు.

ఊళ్లో ఇంటి చిరునామా చెబితే కులం తెలిసిపోతుంది. పార్కు క్యూలో ఆ ప్రశ్న రాదు. పక్క సీటులో ఎవరి బిడ్డ కూర్చుందో ఎవరూ విచారించరు. అయితే ఆ ఒక్క రోజు సమానత్వం కొనుక్కున్నది. గేటు కులం అడగడం మానేసి డబ్బు అడుగుతోంది. భూమి, జీతం ఎవరి చేతుల్లో ఉన్నాయో చూస్తే, ఆ గేటు బయట మిగిలేది ఎక్కువగా పాత జనమే.

దగ్గర్లో చూడాల్సినవి లేక కాదు. జమ్మలమడుగు దాటితే గండికోట, ఇంకా ముందుకు వెళ్తే బెలుం గుహలు. మన వాళ్లు గనుల్లో పగలగొట్టే సున్నపురాయినే నీళ్లు తొలిచి 3,229 మీటర్ల గుహలుగా మార్చాయి. ఆ రాయి గురించి బడిపిల్లలకు అక్కడే పాఠం చెప్పొచ్చు.

రాష్ట్రం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పెట్టుబడిదారులకు రాయితీలు ఇస్తోంది. రాయితీ తీసుకున్న ప్రతి పార్కూ ఎస్సీ, ఎస్టీ హాస్టళ్ల, గురుకులాల పిల్లలకు ఏడాదిలో కొన్ని రోజులు ఉచిత ప్రవేశం ఇవ్వాలన్న షరతు ఎందుకు ఉండకూడదు? ప్రభుత్వ పర్యాటక స్థలాల్లో వాళ్లకు టికెట్టే ఎందుకు ఉండాలి? 2013 నాటి ఉప ప్రణాళిక చట్టాన్ని 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఏటా ఒక విహారయాత్రకు బస్సు, భోజనం ఖర్చు ఆ నిధుల నుంచే పెట్టొచ్చు.

టికెట్టు దండగా కాదా అని తల్లిదండ్రులు తలలు పట్టుకోవాల్సిన పని లేదు. పదమూడు రోజుల కూలికి ఒక రోజు ఆట అమ్ముతున్న ఏర్పాటును విద్యార్థి సంఘాలు తమ డిమాండ్ల పత్రంలోకి ఎక్కించాలి. హాస్టల్ మెస్ చార్జీల పక్కనే దానికి చోటు ఉంది.